ఎలుకలు దూకలేదు

పంటల్లో పురుగులు లెక్కపెట్టే ఈ పనికి మీరు కొత్తగా వచ్చారు. చేతిలో ఫోను, ఫోనులో ఆప్, ఆప్‌లో గళ్లు. గడిలో అంకె పడితే పని అయిపోయిందనుకుంటారు. నేనూ పదిహేడేళ్లు అలాగే అనుకున్నాను. ఈ సంగతి ఎప్పుడు మొదలుపెట్టినా మా ఇంట్లో వాళ్లు నెమ్మదిగా చెప్పమంటారు. నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు. రెండేళ్లయింది ఉద్యోగం పోయి, అయినా ఆ కోపం ఒక్క వీసం తగ్గలేదు. అందులో సగం నా మీదే. ఆ సగం సంగతి కూడా చెబుతాను.

నేను ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇంట్లో పుట్టాను. పదో తరగతి తప్పాను. తప్పింది ఇంగ్లీషులో, లెక్కల్లో కాదు. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. మా నాయన పడుగు వేసేటప్పుడు పోగులు లెక్కపెట్టడం నా పని. ఒక్క పోగు తప్పితే బట్ట పొడుగునా గీత పడుతుంది. నాయన తిట్టేవాడు కాదు. ఆ గీత మీద వేలు పెట్టి నా వైపు చూసేవాడు. తిట్టు మరిచిపోవచ్చు, ఆ వేలు మరిచిపోలేదు.

ఆ లెక్కపెట్టే గుణం చూసే ఆదోని వ్యవసాయ ఆఫీసులో నన్ను ఒప్పందం మీద తీసుకున్నారు. పంటల్లో పురుగులు, తెగుళ్లు, ఎలుకలు ఎన్ని ఉన్నాయో ఊరూరూ తిరిగి రాయాలి. పురుగు లెక్క సులువు, ఆకు మీద కూర్చుని ఉంటుంది. ఎలుక మనిషికి కనపడదు. కనపడేది బొరియ ఒక్కటే. బొరియ ఉన్నంత మాత్రాన లోపల ఎలుక ఉందని కాదు. అది వదిలేసి పోయిన పాత ఇల్లు కావచ్చు. అందుకని సాయంత్రం గట్టు మీద ఉన్న బొరియలన్నీ తడిమట్టి ముద్దతో మూసేస్తాం. పొద్దున పోయి చూస్తాం. ఏది తెరిచి ఉందో దాంట్లో ఎలుక ఉన్నట్టు. మూసినవి ఎన్ని, తెరిచినవి ఎన్ని. ఈ రెండో అంకే అసలు లెక్క. నా నోటుపుస్తకంలో ఈ రెండు మాటలే రెండు నిలువు గీతల మధ్య ఉండేవి.

మా జీపు డ్రైవరు నాకంటే పెద్దవాడు, ఆదోని సాయిబు. నేను గట్టు మీద మోకాళ్ల మీద కూర్చుని మట్టి ముద్దలు పెడుతుంటే జీపుకు ఆనుకుని నవ్వేవాడు.

“లెక్కలన్నా, పొద్దుమూకి నువ్వు మూసేది, తెల్లారి అవి తెరిసేది. ఇదేం నౌకరీ అన్నా? అత్తాకోడండ్ల తగువు మాదిరి!”

“నువ్వు రోజూ ఆదోని నుంచి పోతావు, మళ్ల ఆదోనికే వస్తావు. నీదేం నౌకరీ?” అనేవాణ్ణి.

“నేను ఎలికలకి ఆధార్ కార్డులు ఇప్పించే మనిషిని తిప్పుతాండా. అదన్నా చెప్పుకుంటా మా ఇంట్లో.”

మా ఆఫీసరు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చారు. చెడ్డ మనిషి అని మొదట్లో నేను అనుకోలేదు, ఇప్పుడూ అంత సులువుగా అనను. బాగా చదువుకున్నారు, బాగా మాట్లాడతారు. ఎండలో దిగడం మాత్రం ఇష్టం లేదు. పొలం ఏదైనా జీపు అద్దంలోంచే చూసేవారు. ఎవరు ఏ కొత్త సంగతి చెప్పినా “వెరీ గుడ్” అనేవారు. ఆ మాట కోసం నేను ఎంత ఆశపడేవాణ్ణో ఇప్పుడు తలచుకుంటే చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. పది తప్పినవాడికి డిగ్రీల మీద డిగ్రీలున్న మనిషి “వెరీ గుడ్” అంటే ఆ రోజు అన్నం రుచి వేరే.

ఒకరోజు ఆదోని నుంచి పోతుంటే జీపులో ఎలుకల మాట వచ్చింది. ఎప్పుడో చిన్నప్పుడు ఒక పాత వారపత్రికలో, పేజీ అడుగున పెట్టెలో చదివిన ముక్క నాకు గుర్తొచ్చింది. “సార్, ఉత్తరాన మంచు దేశాల్లో లెమ్మింగ్ అని చిన్న ఎలుక ఉందంట సార్. అవి మరీ ఎక్కువైపోతే వాటంతట అవే గుంపుగా పోయి సముద్రంలో దూకి చస్తాయంట” అన్నాను.

ఆఫీసరు వెనక్కు తిరిగారు. “అవునయ్యా, నేనూ విన్నాను. పాపులేషన్ పెరిగితే ప్రకృతే సర్దేస్తుంది. వెరీ గుడ్! చూడు, మన అసిస్టెంటుకు ఉన్న జనరల్ నాలెడ్జి!”

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. “అంత ఇంగితం తెల్సిన ఎలికలు మన పక్క లేవు సార్” అన్నాడు.

నేను నవ్వలేదు. నా ఛాతీ ఉబ్బి ఉంది. ఆ ముక్క నిజమో కాదో నేను చూడలేదు. పోగు పోగూ లెక్కపెట్టి పెరిగినవాణ్ణి, ఎవరో పేజీ నింపడానికి వేసిన ముక్కను లెక్క చూడకుండా తీసుకుపోయి పెద్దమనిషి చేతిలో పెట్టాను.

ఆ ఏడు నేను చూస్తున్న ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ, కాలువ పక్కన ఉంటుంది. కాలువకు పై వైపంతా మెట్ట. జొన్న, శనగ కోసేసి ఎండు మోళ్లు మిగిలాయి. కింది వైపు కాలువ నీళ్లతో వరి. ఆ వరిలో రెండెకరాలు ఒకామె కౌలుకు చేస్తోంది. నా ఈడు మనిషే, అక్కా అని పిలిచేవాణ్ణి. భర్త లేడు. ఇంట్లో అత్త, ఇద్దరు ఆడపిల్లలు. ఆ రెండెకరాల వడ్లు అమ్మడానికి కాదు, ఏడాది పొడుగునా నలుగురు తినడానికి. గడ్డి ఆమె రెండు ఎనుములకు.

నేను లెక్కకు ఎంచుకున్న నాలుగు గట్లు ఆమె మడి చుట్టూ ఉన్నవే. మొదటి వారం యాభై రెండు మూస్తే పదిహేడు తెరుచుకున్నాయి. రెండో వారం యాభై ఎనిమిది మూస్తే ఇరవై తొమ్మిది. ఆమె గట్టు మీద నిలబడి చూసేది.

“ఏమప్పా లెక్కలప్పా, ఎక్కువైతాండాయా?”

“ఎక్కువైతాండాయి అక్కా. పైరు పొట్టకు రాకముందే మందు పెట్టాల. పొట్టకొచ్చినాక మందు ముట్టవు.”

“నా మడి వరకు నేను పెట్టుకుంటా. మందు కలిపే నూకలు నావే, మందు మీరియ్యండి.”

“నీ ఒక్కదాని మడికి పెడితే లాభం లేదు. పక్క మడిలోవి రేపటికి నీ మడిలోకొస్తాయి. ఊరంతా ఒకేరోజు బొరియలు మూసి, మరుసటి రోజు తెరిచిన వాటిలో పెట్టాల.”

ఆమె గట్టు దిగి ఊరివైపు పోయింది. నాలుగు రోజుల తర్వాత పోతే ఒక కాగితం చేతికిచ్చింది. పిల్ల నోటుపుస్తకంలోంచి చింపిన రెండు పుటలు. ఇంటికొక మనిషి చొప్పున నలభై ఒక్క పేర్లు, కొన్ని సంతకాలు, కొన్ని వేలిముద్రలు. “ఇంటింటికి పోయి అడిగినా. అందరూ వస్తామన్నారు. నువ్వు ఏ దినమో సెప్పు సాలు” అంది.

నేను ఆ నలభై ఒకటినీ రెండుసార్లు లెక్కపెట్టాను. అలవాటు. కాగితం మడిచి నోటుపుస్తకంలో పెట్టుకున్నాను.

మూడో వారం అరవై మూడు మూశాను. పొద్దున పోయి చూస్తే నలభై ఆరు తెరిచి ఉన్నాయి. మట్టి ముద్దలు బయటికి నెట్టేసి, తాజా మట్టి గుట్టలుగా పోసి ఉంది. అంటే రెండు వారాల్లో పదిహేడు నలభై ఆరు అయింది.

ఈ కొత్త ఎలుకలు ఎక్కడివి? కాలువకు పై గట్టు మీద లస్కరు గుడిసె ఉంది. లస్కరు అంటే కాలువ నీళ్లు చూసుకునే మనిషి. ఆయన్ను అడుగుదామని వంతెన దాటి పోయాను. ఆయన పళ్లు తోముకుంటూ వేపపుల్ల పక్కకు నెట్టి చెప్పాడు.

“నాలుగు దినాలుగా చూస్తాండా. తెల్లారుజామున ఎలికలు కాలవలో పడి పోతాండాయప్పా. గుంపులు గుంపులు.”

చెబుతూ పుల్ల పట్టుకున్న చెయ్యి కింది వైపుకు, ఆమె వరి వైపుకు ఊపాడు. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనబడుతుంది. ఆయన చెప్పింది స్పష్టం. మెట్ట మీద కోత అయిపోయింది, తినడానికి ఏమీ లేదు, అందుకని నీళ్లలో పడి ఈదుకుంటూ అవతలికి పోతున్నాయి.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. బాగా వినండి. ఆఫీసుకు పంపే ఫారంలో ‘బొరియల సంఖ్య’ అని ఒక్క గడే ఉంటుంది. మూసినవాటి సంఖ్య అందులో పడుతుంది. తెరిచినవాటికి గడి లేదు. చివర ‘రిమార్కులు’ అని ఒక్క వరుస. మొదటి రెండు వారాలూ ఆ వరుసలో తెరిచిన సంఖ్య రాశాను. మూడో వారం లస్కరు మాట రాశాను. ‘ఎలుకలు కాలువలో పడి పోతున్నవి.’ రెండూ పట్టలేదు. చెప్పుకోవడానికి వింతగా ఉందని మాట ఉంచి, నలభై ఆరును వదిలేశాను. పదిహేడేళ్లలో నేను రాయకుండా వదిలేసిన అంకె అదొక్కటే.

మరుసటి రోజు ఆఫీసరు పిలిచారు. ముఖం వెలిగిపోతోంది.

“ఏమయ్యా, నీ లెమ్మింగులు ఇక్కడికీ వచ్చేశాయే! కాలువలో పడి పోతున్నాయట! బొరియలు కూడా చూడు, యాభై ఎనిమిది నుంచి అరవై మూడు. పెద్ద పెరుగుదలేం కాదు. పీక్ అయిపోయింది, ఇక వాటంతట అవే చస్తాయి.”

పోవడం అంటే వెళ్లడమూ అవుతుంది, చావడమూ అవుతుంది. మన మాటే అంత. ఆయన చావు అని చదివారు. “సార్, పోతున్నాయంటే అవతలికి…” అని మొదలుపెట్టాను.

“నువ్వు చెప్పిందేగా జీపులో? నీ పాయింటు నేను మీటింగులో చెబుతాను, నీ పేరుతోనే.”

నేను నోరు మూసుకున్నాను. మందు కోసం కర్నూలుకు కాగితం రాయాలి, రెండు రోజులు ఊళ్లో ఉండి ఎండలో నిలబడాలి. ఇదంతా తప్పించుకోవడానికి ఆయనకు ఒక కథ కావాల్సి వచ్చింది. ఆ కథ ఇచ్చింది నేను.

ఆ వారమే బడి వరండాలో మీటింగు పెట్టారు. మధ్యాహ్నం పన్నెండు. అరవై మంది దాకా వచ్చారు. కాగితంలో సంతకం పెట్టిన ఇళ్లవాళ్లు దాదాపు అందరూ ఉన్నారు. కొందరు బకెట్లు కూడా తెచ్చుకున్నారు, మందు పంచుతారని. ఆఫీసరు లాప్‌టాపులో మంచుకొండ బొమ్మ చూపించి, మంచు ఎలుకల కథ చెప్పారు. సంఖ్య పెరిగితే ప్రకృతి వాటికి ఒక సిగ్నల్ ఇస్తుందట, అవి బారులు తీరి పోయి దూకుతాయట. “మీ కాలువ దగ్గర జరుగుతున్నది అదే. అనవసరంగా విషం చల్లకండి. పర్యావరణం కూడా ముఖ్యం” అన్నారు. ఆ మాట మాత్రం ఎవరూ కాదనలేని మాట. పని ఎగ్గొట్టేవాడికి అలాంటి మాట ఒకటి ఎప్పుడూ జేబులో ఉంటుంది.

ముందు వరుసలో ఒక ముసలాయన లేచాడు. “అయితే ఎలికలు వాటికవే పాణం తీసుకుంటాయంటావా సారూ?”

“అవును పెద్దాయనా.”

“మా ఊరి ఎలికలకి అంత రోసం యాడుంది సార్? అంత రోసముంటే మా కంకులు ఎందుకు తింటాయి?”

అందరూ నవ్వారు. ఆఫీసరూ నవ్వారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి అందరి ముందూ, “ఈ విషయం నాకు చెప్పింది మీ లెక్కలాయనే. పది తప్పినా సైంటిస్టు బుర్ర!” అన్నారు. చప్పట్లు కొట్టారు.

అప్పుడామె వెనకనుంచి లేచింది. ఆఫీసరును చూడలేదు, నన్నే చూసింది.

“లెక్కలప్పా, కతలు మాకెందుకు? నువ్వు సెప్పు. మొన్న నా గట్టు మీద మూసినేవి ఎన్ని, తెరిసినేవి ఎన్ని?”

అరవై మూడు, నలభై ఆరు. నాలుక మీద ఉన్నాయి. ఆఫీసరు చెయ్యి ఇంకా నా భుజం మీదే ఉంది. అది బరువుగా లేదు. చాలా తేలిగ్గా, స్నేహంగా ఉంది.

“సార్ చెప్పినట్టే అక్కా” అన్నాను.

ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది. బకెట్లు తెచ్చినవాళ్లు ఖాళీ బకెట్లతో పోయారు. డ్రైవరు ఆఫీసు గేటు దగ్గర బండి ఆపి, “అన్నా, అవి ఈదేది నేను కూడా సూసినా” అన్నాడు, అంతే.

మూడు వారాల తర్వాత ఆమె ఫోను చేసింది. “వచ్చి లెక్కబెట్టు” అంది. ఏమిటని నేను అడగలేదు.

ఆఫీసరూ వచ్చారు. జీపు దిగి గట్టు మీద నిలబడ్డారు. “పైరు పచ్చగానే ఉందిగా?” అన్నారు. అవును, గట్టు మీద నుంచి చూస్తే పచ్చగానే ఉంటుంది. ఎలుక మడి అంచులు వదిలేసి నడుమ కోస్తుంది. ఆమె చీర ఎగదోపి మడిలోకి దిగింది. నేనూ దిగాను. పది అడుగులు లోపలికి పోతే కాళ్ల కింద తెగిన పిలకలు నీళ్లలో తేలుతున్నాయి. కత్తి పెట్టి ఏటవాలుగా కోసినట్టు, అప్పుడే పొట్ట విప్పి లేత కంకి తీస్తున్న పైరు. ఇంకా గింజ కూడా పట్టలేదు.

“లెక్కబెట్టు” అంది మళ్లీ.

“అక్కా…”

“నిన్నేం అనలేదు కదప్పా? లెక్కే కదా నీ పని? లెక్కబెట్టు.”

ఐదు చోట్ల లెక్కపెట్టాను. మడి నడుమ మొదటి చోట నూరు పిలకల్లో అరవై రెండు తెగి ఉన్నాయి. అంకె నేను చెబితే ఆమె పైకి అనేది. అరవై రెండు. యాభై ఏడు. అరవై. చిన్నపిల్లకు ఎక్కాలు చెప్పించినట్టు నా చేత చెప్పించింది. తర్వాత గట్టు దగ్గర ఒక బొరియ పారతో తవ్వింది. లోపల మూరెడు పొడుగున పేర్చిన లేత కంకులు, కట్టలు కట్టినట్టు. వాటిని తీసి నా చేతుల్లో పోసింది.

“సముద్రంలో దూకిన ఎలికలు దాసుకున్నేవి ఇవేనా?”

అప్పుడు మందు తెప్పించారు. పెట్టారు. నూకల పొట్లాలు బొరియల ముందు అలాగే తడిసి ముద్దయ్యాయి. లోపల లేత కంకులుంటే నూకలు ఎవడికి కావాలి?

ఆ తెగిన పిలకల లెక్క నా నోటుపుస్తకంలో మోస్తూ పది రోజులు తిరిగాను. చివరకు ఎమ్మిగనూరు లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చున్నాను. పని మొదలుపెట్టకముందు చెయ్యాల్సిన దాన్ని పంట పోయాక చేశాను. ఆ లెమ్మింగు సంగతి మొత్తం చదివాను. ఇంగ్లీషు ముక్క ముక్కగా, డిక్షనరీ పెట్టుకుని, నాలుగు మధ్యాహ్నాలు.

అది అరచేతిలో ఇమిడేంత జంతువు. పొట్టి తోక, పొట్టి కాళ్లు, బొచ్చులో దాగిపోయే చెవులు. అంత చలి దేశంలో ఉండి కూడా చలికాలం నిద్రపోదు. నేలకూ మంచుకూ నడుమ ఉన్న సందులో దారులు తవ్వుకుని, నాచూ గడ్డి మొదళ్లూ తింటూ, మేలుకునే బతుకుతుంది. పైన పడిన మంచే దానికి దుప్పటి. ఎండుగడ్డితో బంతిలా గూడు అల్లుకుని, ఆ చీకట్లోనే పిల్లలు పెడుతుంది. మూడు వారాలు మోస్తుంది, ఈతకు ఐదారు పిల్లలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ పిల్లలు కొద్ది వారాలకే తల్లులవుతాయి. ఒక జతతో మొదలుపెట్టి ఒక ఎండాకాలానికి లెక్క వేశాను. కాగితం రెండో వైపుకు తిప్పాల్సి వచ్చింది. దాంట్లో ఒక రకం చలికాలానికి తెల్లబడుతుంది, మంచు తవ్వడానికి ముందుకాళ్ల గోళ్లు పారల్లా పెరుగుతాయి. ఇంకో రకం పసుపూ నలుపూ రంగుల్లో ఉంటుంది. కుక్క వచ్చినా మనిషి వచ్చినా పారిపోకుండా ఎదురు తిరిగి అరుస్తుందట. అంత చిన్న ప్రాణి.

మంచు కరిగాక ఆ గడ్డి గూళ్లు నేల మీద మిగిలిపోతాయి. అక్కడి వాళ్లు వాటిని తిరిగి తిరిగి లెక్కపెడతారట, చలికాలంలో ఎన్ని ఉన్నాయో తెలుసుకోవడానికి. అది చదివినప్పుడు ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. ఎక్కడో మంచులో కూడా నాలాగే వంగి నడిచేవాళ్లున్నారు. మరుక్షణమే సిగ్గు వేసింది. వాళ్లెవరూ అంకె వదిలేసి కథ రాసి ఉండరు.

మూడు నాలుగేళ్లకోసారి అవి విపరీతంగా పెరగడం నిజం. తర్వాత ఉన్నట్టుండి తగ్గిపోవడమూ నిజం. ఎందుకంటే తెల్ల గుడ్లగూబ తింటుంది, నక్క తింటుంది, సొరంగంలోకే దూరగల సన్నటి జంతువు ఒకటి వెంటపడి తింటుంది. మేత కరువవుతుంది. నడి చలిలో మంచు కరిగి మళ్లీ గడ్డకడితే దారులు మూసుకుపోతాయి. పెరిగినప్పుడు కొత్త చోటు వెతుక్కుంటూ పోతాయి. నీళ్లు అడ్డమొస్తే ఈదుతాయి. నీళ్లు మరీ వెడల్పయితే కొన్ని మునుగుతాయి. అంతే. చావడానికి కాదు, బతకడానికి పోతాయి. లస్కరు అన్నట్టే, పడి, పోతాయి.

మరి ఆ దూకడం? దాన్ని గురించి కూడా రాసి ఉంది. ఎప్పుడో ఒక సినిమా కోసం, సముద్రమే లేని చోటికి ఆ ఎలుకలను తెప్పించి, మనుషులే నీళ్లలోకి నెట్టి, అవి దూకుతున్నట్టు చూపించారట. లోకమంతా నమ్మింది. పేజీ అడుగున పెట్టెలో వేశారు. నేను చదివాను.

లైబ్రరీలో ఆ కుర్చీలో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నెట్టినవాళ్ల మీద కోపం ఎంతగా వచ్చిందంటే, పక్కన పేపరు చదువుతున్నాయన లేచి వేరే బల్ల దగ్గరికి పోయాడు. నోట్లో ఏమో తిట్టుకున్నట్టున్నాను.

ఆ వారంలోనే ఆఫీసరు రిపోర్టు తయారుచేశారు. నష్టానికి కారణం అన్న చోట ఇలా ఉంది: ‘అవగాహన సదస్సు నిర్వహించినప్పటికీ సామూహిక నివారణకు రైతులు ముందుకు రాలేదు.’ కింద నా సంతకానికి జాగా.

రెండుసార్లు చదివాను. తర్వాత నా నోటుపుస్తకంలోంచి ఆ రెండు పుటలు తీసి బల్ల మీద పరిచాను. నలభై ఒక్క పేర్లు.

“సార్, ముందుకు రాలేదన్నారు. ఇవేమిటి?”

“ఇది అఫిషియల్ కాదయ్యా. పైవాళ్లకు ఏదో ఒకటి రాయాలి కదా. నీకూ మంచిదే. రిమార్కు నీదే కదా?”

“రిమార్కు నాదే. తప్పు నాది కూడా. అది రాయండి, సంతకం పెడతా. నలభై ఆరు రాయలేదని రాయండి. బకెట్లు తెచ్చుకున్నారని రాయండి. మీరు పొండి అంటే పోయినారని రాయండి!”

నేను అరుస్తున్నానని నాకు తెలియలేదు. కారిడార్లో జనం చేరారు. ఆఫీసరు మెల్లగా, “ఎందుకయ్యా అరుస్తావు, కూర్చో” అంటున్నారు. ఆ తేలికపాటి చెయ్యి మళ్లీ నా భుజం వైపు రావడం చూశాను. తోసేశాను. డ్రైవరు వచ్చి నన్ను బయటికి తీసుకుపోయాడు. టీ తాగించి, “ఈ అరుపేదో బడి వరండాలో అరిసుంటే ఎంత బాగుండు అన్నా” అన్నాడు. ఆయన మీదా కోపం వచ్చింది. కానీ ఆయన చెప్పింది సరైన లెక్క. సరైన అరుపు, నెలన్నర ఆలస్యం.

సంతకం పెట్టలేదు. ఏడాది తిరిగాక నా ఒప్పందం పొడిగించలేదు. రిపోర్టు మాత్రం పోయింది, నా సంతకం లేకుండానే. ఇప్పటికీ ఏదో బీరువాలో ఉంటుంది. రైతులు ముందుకు రాలేదు అని అందులో ఉంటుంది. పది, ఇరవై ఏళ్ల తర్వాత మీలాంటివాళ్లు ఎవరో దాన్ని తీసి చదివి, ఈ ఊరివాళ్లు సోమరులు అనుకుంటారు.

ఉద్యోగం పోయాక ఒక సాయంత్రం ఆ ఊరికి పోయాను. పంట పోయిన ఏడు ఆ ఇంటి అన్నం దేంతో గడిచిందో నాకు తెలుసు. ఆమె, పిల్లలు పత్తి తీయడానికి కోడుమూరు దాకా పోయేవాళ్లు, ఒక ఎనుమును అమ్మారు. మళ్లీ అదే మడి కౌలుకు పట్టింది. ఆమె గట్టు మీద తడిమట్టి ముద్దలు చేస్తోంది. పక్క గట్ల మీద ఇంకో పది పన్నెండు మంది. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

“రాప్పా. ఊరంతా మూస్తాండాం. నువ్వు నేర్పిచ్చిందే కదా.”

నేను నిలబడే చెప్పేశాను. లస్కరు ఏమన్నాడో, నేనేం రాశానో, ఏ అంకె వదిలేశానో, రిపోర్టులో ఏం రాసి పంపారో అన్నీ. క్షమించమని అడగలేదు. అడిగే హక్కు లేదనిపించింది. ఆమె విన్నది. ముద్దను బొరియలో పెట్టి అరచేత్తో నున్నగా తట్టింది.

“మరి ఆ మంచు ఎలికలు? అవన్నా నిజంగా దూకినాయా?”

“లేదక్కా. మనుషులే తోసినారంట. తోసి, దూకినాయని సెప్పినారంట.”

ఆమె చేతికున్న మట్టి గడ్డికి తుడుచుకుంది.

“మేము ముందుకు రాలేదని రాసినారంట కదా. అట్లనే” అంది.

తర్వాత లేచి, నా చొక్కా జేబులో నోటుపుస్తకం ఉందో లేదో చూసింది. ఉంది.

“రాసుకో. మూసినేవి యాభై ఐదు. పొద్దున వచ్చి తెరిసినేవి నువ్వే లెక్కబెట్టు. గట్టిగా సెప్పు, అందరికీ వినపడేటట్టు.”